సముద్రం చూడ్డానికి వెళ్ళిన సైకిల్ షాపాయన

ఆ వీధి టైలరు గుడ్డ తీసినా కోతే, నోరు తెరిచినా కోతే అనేవాళ్ళు.

గుడ్డ కోతలో ఆయనకి వంక పెట్టినవాడు లేడు. చంకల్లో పట్టెయ్యడం, కాలరు ఓ పక్కకి ఒరిగిపోవడం ఆయన చేతిలో జరిగే పని కాదు. రెండో కోతకి మాత్రం ఒక వేళంటూ ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, "మిషను కాస్త చల్లబడనీ" అంటూ రోడ్డు దాటి టీ బడ్డీ ముందున్న బెంచీ మీద కూర్చునేవాడు. ఆ మిషను కాలితో తొక్కేది, అది వేడెక్కిందీ లేదు, చల్లబడిందీ లేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కారు. మెడలో టేపు వేలాడుతుండగా, చెవి మీద నీలం సుద్దముక్కతో ఆయన గ్లాసు అందుకున్నాడంటే ఆ పూట కథ మొదలైనట్టే.

కథలెన్నయినా అందులో మొనగాడు ఒక్కడే. వాళ్ళ నాన్న.

నాన్న ఉన్నన్నాళ్ళూ ఊరు ఆయన్ని గాలిమనిషి అనేది. సైకిల్ షాపు పెట్టుకుని, షాపులో తప్ప అన్నిచోట్లా ఉండేవాడు. పోయిన రోజున ఇంటి ముందు ఎవరో అన్నారు: "జీవితమంతా గాలికి తిరిగాడు పాపం, చెప్పుకోవడానికి ఏం మిగిల్చాడు?" టైలరుకి అప్పుడు ఇరవై దాటలేదు. ఆ మాట అన్న మనిషి మొహం కూడా ఇప్పుడు గుర్తు లేదు. మాట మాత్రం సూదిలా లోపలే ఉండిపోయింది. చెప్పుకోవడానికి ఏం మిగిల్చాడో ఆ రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం బెంచీ మీద పోస్ట్‌మాన్ ఉన్నాడు, రిటైరైన లెక్కల మాస్టారున్నారు. బెంచీ చివర, ఎప్పుడూ లేనిది, టైలరు కూతురు కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే టైలరు అడుగు కాస్త తడబడింది.

ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. సముద్రం లోతు కొలిచే ఓడ మీద. నెలల తరబడి నీళ్ళ మీదే ఉండాలి. రేపు సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పమన్నారు. వాళ్ళమ్మ ఎప్పుడో సరేనంది. తండ్రి సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఇంట్లో అడిగితే షాపులో పనుందనేవాడు, షాపులో అడిగితే నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడలేనన్నట్టు చెయ్యి ఊపేవాడు. అందుకే బడ్డీ దగ్గర కాపు కాసింది. ఇక్కడ గుండుసూదులు ఉండవు కదా.

"నాన్నా, ఆ విషయం..."

"టీ తాగు తల్లీ, చల్లారిపోతుంది," అని టైలరు గబగబా మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, మా నాన్న సంగతి మీకు చెప్పానా?"

"ఏ నాన్న సంగతి? ఎలుగుబంటికి సైకిల్ నేర్పిన నాన్నా, సుడిగాలికి పంక్చరు వేసిన నాన్నా?"

"అవి కాదండీ. సముద్రం చూడ్డానికి వెళ్ళిన సంగతి."

నోట్లోంచి ఆ మాట ఎందుకు వచ్చిందో ఆయనకే తెలీదు. వారం నుంచీ బుర్రలో సముద్రం తప్ప ఇంకేదీ లేకపోవడం వల్ల కావచ్చు. కూతురు గ్లాసు మీంచి కళ్ళెత్తి చూసింది.

"చెప్పు టైలరన్నా," అన్నాడు పోస్ట్‌మాన్, సంచీ పక్కన పెట్టి సర్దుకుని కూర్చుంటూ.

"మా నాన్న పొద్దున్నే షాపు తలుపు తీసి ముందు ఆకాశం కేసి చూసేవాడు. ఎండ బాగుందనుకో, సుద్దముక్క తీసి తలుపు మీద రాసేవాడు: 'గాలికి పోయాను. మీ గాలి మీరే కొట్టుకోండి. పంపు బయట ఉంది.' అంతే, మనిషి మాయం. ఆయనకో మోటారుసైకిలుండేది. కొన్నది కాదు, కట్టుకున్నది. పాతసామాను కొట్లో మూడు బండ్ల శవాలు తెచ్చి ఒక బండికి ప్రాణం పోశాడు. ముందు చక్రం ఒకదానిది, ఇంజను ఇంకోదానిది, సీటు మాత్రం బండిది కాదు, పళ్ళ డాక్టరు పారేసిన కుర్చీది. దాని మీద కూర్చుంటే చాలు, నోరు దానంతటదే తెరుచుకునేది."

"నిన్ను చిన్నప్పుడు దాని మీదే కూర్చోబెట్టి పెంచారనుకుంటా," అన్నారు మాస్టారు.

బడ్డీ ఆయన పాలగిన్నె దగ్గరే నవ్వాడు. టైలరు ఏమీ అనుకోలేదు. నవ్వుతున్నారంటే వింటున్నారన్నమాట.

"ఒకరోజు మా అమ్మతో అన్నాడు: ఇదుగో, సముద్రం చూసొస్తాను. అప్పటికి మా ఊళ్ళో సముద్రం చూసినవాడు లేడు. ఎటు వెళ్ళాలో కూడా ఎవరికీ తెలీదు. 'ఏరు ఎటు పోతే అటు పోతా, దానికి తెలియదా' అని బయల్దేరాడు. అంతే కదా, అందులో వింతేముంది? ఎవరైనా వెళ్తారు."

"వెళ్తారు," అంది కూతురు వెంటనే. "ఎవరైనా వెళ్తారు కదా నాన్నా. మరి నేను..."

"కొండ దిగుతుంటే బ్రేకు తెగింది!" అన్నాడు టైలరు గొంతు పెంచి. బ్రేకు తెగడం ఆయనకి అప్పుడే తట్టింది. "మామూలు కొండ కాదు. పైనుంచి చూస్తే కిందున్న ఊరు చొక్కా గుండీ అంత కనపడుతుంది. ఇంకోడైతే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. మా నాన్న ఈల వేసుకుంటూ దిగాడు. ఎంత జోరుగా దిగాడంటే మాస్టారూ, బండి నీడ వెనకబడిపోయింది. కిందకి చేరి చూసుకుంటే నీడ లేదు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా?"

"ఏం చేశాడు?"

"ఆగాడు. రోడ్డు పక్కన కూర్చుని, నీడ దిగొచ్చేదాకా ఆగాడు. పుట్టినప్పట్నుంచీ వెంట ఉన్నదాన్ని దారిలో వదిలేసి పోయే మనిషి కాదు మా నాన్న."

"బ్రేకు తెగిందన్నావు. ఎలా ఆగాడు?"

"చెప్పాడండీ. ఆగవే అన్నాడు, ఆగింది. ఆయన చేత్తో కట్టిన బండి ఆయన మాట వినదా?"

పోస్ట్‌మాన్ ఒళ్ళంతా ఊగేలా నవ్వుతున్నాడు. ఇంకో ఇద్దరు దారినపోయేవాళ్ళు కూడా ఆగారు. టైలరుకి ఒంట్లోకి కాస్త వేడి వచ్చినట్టయింది. ఓరగా కూతుర్ని చూశాడు. ఆ పిల్ల నవ్వడం లేదు, కోపంగానూ లేదు. కొలత తీసుకునేటప్పుడు తను మనిషిని ఎలా చూస్తాడో అలా చూస్తోంది.

"అక్కణ్ణుంచి రైలు పట్టాల పక్క రోడ్డు," అన్నాడు తొందరగా. "వెనకనుంచి మెయిలు వస్తోంది. వచ్చి వచ్చి పక్కకి చేరింది, తర్వాత వెనకబడింది. ఇంజను డ్రైవరు తల బయటపెట్టి రెండు చేతులూ జోడించాడు: 'అయ్యా, తమరు కాస్త నిదానంగా వెళ్ళండి. మిమ్మల్ని చూసి మా ప్యాసింజర్లు రైలు ఆగిందనుకుని దిగిపోతున్నారు!' మా నాన్న జాలిగుండె కదా, పోనీలే అని గేరు తగ్గించాడు. అప్పుడు పెట్రోలు అయిపోయింది."

"హమ్మయ్య," అన్నారు మాస్టారు. "ఇక్కడైనా ఆగాడు."

"ఆగడం ఏమిటండీ! ట్యాంకు మీద చెయ్యి వేసి బండికి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఏ కథనుకున్నారు? తన కథే. బండి 'ఊఁ... ఊఁ...' అంటూ ఊకొడుతూ వెళ్ళిపోయింది. కథలో మంచి పట్టు వచ్చినచోట అదే నలభై మీద పోయేదట. దాహం వేసి మా నాన్న ఓ నిమిషం నోరు మూసుకుంటే ఇంజను ఆగిపోయేది."

"నీ బండీ అలాగే నడుస్తోందా గురూ?" అన్నాడు బడ్డీ ఆయన.

"నాన్నా," అంది కూతురు. ఈసారి గొంతు గట్టిగానే పెట్టింది. "వాళ్ళకి రేపు చెప్పాలి."

పోస్ట్‌మాన్ ఆ పిల్లని చూశాడు, టైలరుని చూశాడు. ఉద్యోగం సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఆ కాగితం ఇంటికి తెచ్చిందే అతను.

చిన్నప్పటి కిటికీ ఒకటి టైలరు కళ్ళ ముందుకొచ్చింది. నాన్న బండి చప్పుడు కోసం, ఊచలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి వింటూ ఉండే పిల్లవాడు. అమ్మ వెనక గదిలో బట్టలు మడతపెడుతూ ఉండేది, మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టేది. నాన్న ఎప్పుడూ తిరిగొచ్చాడు. కానీ వచ్చేదాకా రాలేదు కదా! పెద్దయ్యాక ఆ పిల్లవాడు కూర్చుని చేసే పని ఏరుకున్నాడు. ఎవరినీ కిటికీ దగ్గర నిలబెట్టకూడదనుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ ఆ ఊచల దగ్గర తననే నిలబడమంటోంది ఈ పిల్ల. ఇదంతా చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు. ఉన్న మాటలన్నీ ఇంకో రకానివి.

"సముద్రం వచ్చేసింది!" అన్నాడు. "వచ్చేసింది కానీ మా నాన్న ఆగలేదు. నీళ్ళ మీదకి పోనిచ్చాడు. టైరుకి తడి అంటేలోగానే చక్రం తిరిగిపోతుంటే మునిగేదెప్పుడు? ఓడల వాళ్ళంతా పైకొచ్చి టోపీలు తీశారు. అడ్డంగా ఒక తిమింగలం పడుకుని ఉంది. హారను కొట్టాడు. 'క్షమించండి, చూసుకోలేదు' అన్నట్టు పక్కకి జరిగింది. అలా నడిసముద్రం దాకా వెళ్ళాడు. వెళ్ళాక ఏమైందో తెలుసా? పంక్చరు!"

"నడిసముద్రంలోనా?" అన్నాడు పోస్ట్‌మాన్, నిజంగానే కంగారుపడిపోయి.

"సైకిల్ షాపువాడికి పంక్చరు ఒక లెక్కా? బండిని తిమింగలం వీపు మీదకి ఎక్కించి స్టాండు వేశాడు. ట్యూబు లాగాడు. చిల్లు ఎక్కడుందో తెలియాలంటే ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూడాలి కదా. షాపులో అయితే చిన్న తొట్టి. ఇక్కడ సముద్రమంత తొట్టి! బుడగ వచ్చింది, పట్టీ వేశాడు, ఇక గాలి కొట్టాలి."

మాస్టారు వేలెత్తారు. తరగతిలో వేలెత్తే పిల్లల్ని నలభై ఏళ్ళు చూసినవారు, తానే ఎత్తారు. "పంపు షాపు బయట పెట్టొచ్చాడు. నువ్వే చెప్పావు."

బెంచీ గొల్లుమంది. టైలరు మాత్రం చలించలేదు. ఇలాంటి చోటే ఆయన పనితనం కనపడేది.

"అదేనండీ నేను చెప్పబోయేది. పంపు లేదు. తిమింగలం నెత్తి మీద కన్నం ఉంటుందా? దాని ఊపిరి అక్కణ్ణుంచే కదా. వాల్వు తీసుకెళ్ళి అందులో పెట్టాడు. అది 'ఫూ' అంది. రెండు టైర్లూ గట్టిగా రాయిలా అయిపోయాయి. ఆ గాలితోనే ఇంటికొచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? ఆ టైర్లలో సముద్రపు గాలి ఊళ్ళో పిల్లల సైకిళ్ళన్నిటికీ తలా కాస్త పంచిపెట్టాడు. ఆ సైకిళ్ళు ఇప్పటికీ స్టాండు తీసి వదిలేస్తే చాలు, వాటంతటవే సముద్రం వైపు దొర్లుతాయి. అదీ మా నాన్నంటే! భయం అంటే ఎన్ని అక్షరాలో కూడా తెలీని మనిషి."

చప్పట్లు కొట్టింది పోస్ట్‌మానే. దారినపోయేవాళ్ళలో ఒకాయన ఈల వేశాడు. టైలరు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదనిపించింది.

"నాన్నా," అంది కూతురు. "సముద్రం ఏ రంగులో ఉంటుంది?"

"నీలం."

"నువ్వు ఎప్పుడు చూశావు?"

టైలరు ఖాళీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దారాలు, అస్తర్లు కొనడానికి వెళ్ళే పక్క ఊరు దాటి ఆయన ఏనాడూ పోలేదు. ఆ సంగతి బెంచీ మీద ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదంతే.

"నిన్న నానమ్మని అడిగాను," అంది ఆ పిల్ల. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "తాతయ్య సముద్రం చూడ్డానికి వెళ్ళిన మాట నిజమే. మొదటిసారి కొండ ఎక్కలేక బండి చచ్చిపోయింది. ఇటుకల లారీలో వేసుకుని తిరిగొచ్చాడు. ఊరంతా నవ్వింది. రెండోసారి మలుపులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ నవ్వారు. చెయ్యి అతుక్కున్నాక ఆ మాటే ఎత్తడం మానేశాడట. అప్పుడు నానమ్మే అడిగింది. నువ్వు అప్పటికి నానమ్మ కడుపులో ఉన్నావు. 'మళ్ళీ వెళ్ళాలని లేదా?' అంటే, 'ఉంది. భయమేస్తోంది' అన్నాడట. 'భయం తగ్గాక వెళ్తావా?' అంటే 'ఇది తగ్గేలా లేదు' అన్నాడట. 'అయితే ఇప్పుడే వెళ్ళు' అంది నానమ్మ."

పాలు పొంగుతున్నా బడ్డీ ఆయన చూసుకోలేదు.

"వెళ్ళాడు. చేరాడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఇసుకలో నిలబడ్డాడట. నీళ్ళు దగ్గరికి వస్తే వెనక్కి జరిగాడట, మళ్ళీ ముందుకెళ్ళాడట. పాదాలు కూడా తడుపుకోలేదు నాన్నా. అంత భయపడ్డాడు."

"భయపడ్డాడా?" అన్నాడు టైలరు. "మా నాన్నే?"

"చాలా భయపడ్డాడట. మరి అక్కడే ఎందుకు నిలబడ్డావని నానమ్మ అడిగితే, 'చూడ్డానికి వెళ్ళినవాణ్ణి చూడకుండా ఎలా వస్తాను' అన్నాడట. సముద్రపు గాలి పంచిపెట్టడం మాత్రం నిజమే. టైర్లలో తెచ్చానని చెప్పి పిల్లలందరి సైకిళ్ళకీ కొట్టాడు. మన పంపు గాలే అది."

మాస్టారు చిన్నగా నవ్వారు. "అయితే ఈ కోతల మిషను కూడా వారసత్వమేనన్నమాట."

మామూలుగా అయితే టైలరు ఆ మాటకి రెండింతలు బదులిచ్చేవాడు. ఇప్పుడు మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఈలవేస్తూ కొండ దిగిన నాన్నతో ఆయన ఏనాడూ మాట్లాడలేకపోయాడు. అంత ధైర్యవంతుడి కడుపున తనలాంటివాడు ఎలా పుట్టాడా అని ఎన్నోసార్లు అనుకున్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ముందుకీ వెనక్కీ అడుగులేస్తున్న మనిషి మాత్రం ఆయనకి బాగా తెలిసినవాడిలా ఉన్నాడు. ఆ మనిషి పక్కన నిలబడాలనిపించింది.

ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచి, రోడ్డు దాటి, షాపు వెనక గదిలోకి వెళ్ళాడు. తల్లి మంచం మీద కూర్చుని, కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు రంగుల వారీగా వేరు చేస్తోంది.

"అమ్మా, నాన్న సముద్రానికి భయపడ్డాడా?"

"పడ్డాడు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు ఎప్పుడైనా అడిగావా?" అంది ముసలావిడ తల ఎత్తకుండానే. "ఎప్పుడూ నువ్వే చెప్పేవాడివి. బాగా చెబుతున్నావని వింటూ కూర్చున్నాను."

టైలరు మంచం కోడు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఆయన వెళ్ళినప్పుడు నీకు భయం వెయ్యలేదా?"

"వెయ్యకపోవడమేమిటి? కడుపులో నువ్వు తంతుంటే, తిరిగొస్తాడో రాడో తెలీకుండా కూర్చున్నాను. కానీ వెళ్ళకుండా ఇంట్లో ఉన్న మీ నాన్నని చెయ్యి విరిగాక నాలుగు నెలలూ చూశాను. గాలి లేని టైరులా ఉండేవాడు. దానికంటే ఇదే నయమనిపించింది." ఎరుపు ముక్కలు ఒక పక్కకి తోసింది. "నువ్వు ఆ పిల్లకి ఏం చెబుతావో త్వరగా చెప్పు. వారం నుంచీ అన్నం సరిగా తినడం లేదు."

ఆయన బయటికొచ్చేసరికి కూతురు రోడ్డు దాటి షాపు మెట్ల దగ్గరికి వచ్చేసింది. మొహం చిన్నబోయి ఉంది. "అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది నాన్నా."

"చేతులు చాపు," అన్నాడు టైలరు.

"ఏంటి?"

"చాపు తల్లీ. ఓడ మీద చలిగాలి ఉంటుంది కదా. దళసరి కోటు కావాలి, లోపల ఒక అస్తరు, మెడ దాకా బొత్తాలు." టేపు ఆ పిల్ల భుజం మీద పెట్టాడు. అంకె సరిగా కనపడక రెండుసార్లు కొలిచాడు. "నాకు భయమేస్తోంది. ముందే చెబుతున్నా, అది తగ్గేలా లేదు. నువ్వు వాళ్ళకి వస్తానని చెప్పు."

రోడ్డుకి అటు పక్కనుంచి పోస్ట్‌మాన్ మళ్ళీ చప్పట్లు కొట్టాడు. ఈసారి మాస్టారు కూడా కొట్టారు.

కోటు అయింది. అంత మంచి కుట్టు ఆ షాపులోంచి అంతకుముందు వెళ్ళలేదని మాస్టారే ఒప్పుకున్నారు. రేవుకి నలుగురూ కలిసి వెళ్ళారు. తను కూడా వస్తానని ముసలావిడ పట్టుబట్టింది. మొగుణ్ణి పంపించింది గానీ ఆవిడా ఏనాడూ చూసి ఎరగదు. రైల్లో దారంతా టైలరు ఎదుటి సీటువాళ్ళకి చెబుతూనే ఉన్నాడు, మా నాన్న ఇదే దారిలో రైలుని దాటి వెళ్ళాడని. కూతురు కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంది.

ఓడ ఎక్కడానికి ఇంకా కాస్త సమయం ఉందంటే ఒడ్డుకి నడిచారు. ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా, చీర కాస్త పైకెత్తి తిన్నగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అల వచ్చి మోకాళ్ళ దాకా కొడితే చిన్నపిల్లలా కేక పెట్టింది. టైలరు పొడి ఇసుక మీదే ఆగిపోయాడు. నీలంగా లేదు. ఒకచోట బూడిదరంగు, ఒకచోట ఆకుపచ్చ, దూరంగా ఏ రంగో తెలియని మెరుపు. ఎటు చూసినా అంచు కనపడలేదు. ఎక్కడ కుట్టారో తెలియని గుడ్డలా పరుచుకుని ఉంది.

కూతురు పక్కకి వచ్చి నిలబడింది. చాలాసేపు చూసి, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఏంటి నాన్నా, ఏం మాట్లాడవు?"

టైలరు రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు.

"తక్కువ చెప్పానమ్మా," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళూ... చాలా తక్కువ చెప్పాను."